అంతర్జాలంలో అడుగుజాడల బేరం

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంటర్నెట్ వాడని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ఉదయం లేవగానే తెలుగు వార్తలు, పగలు ఆఫీసు పనిలో వెతుకులాట, సాయంత్రం గుంటూరులోనో కరీంనగరులోనో ఉన్న తల్లిదండ్రులతో ముఖాముఖి సంభాషణ, రాత్రి పాత సినిమా పాటలు - ఇవన్నీ దానిమీదనే సాగుతున్నాయి. వీటిలో చాలావాటికి మనం పైసా చెల్లించం. అయినా వీటిని అందించే సంస్థలు ప్రపంచంలోని మహా సంపన్న సంస్థల కోవలో ఉన్నాయి. 2023లో గూగుల్ మాతృసంస్థ అయిన ఆల్ఫబెట్ రాబడి సుమారు 30,700 కోట్ల డాలర్లు. అందులో సుమారు 23,800 కోట్లు ప్రకటనలవల్ల వచ్చినవే. ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని అయిన మెటా సంస్థకు అదే ఏడాది వచ్చిన రాబడిలో నూటికి 97 పాళ్ళకు పైగా ప్రకటనల సొమ్మే.

పత్రికలూ రేడియో కూడా ప్రకటనలమీదనే బ్రతికాయి కదా, ఇందులో కొత్త ఏమున్నదని ఎవరైనా అడగవచ్చు. పత్రికలో ప్రకటన వేయించినవాడికి దానిని ఎవరు చదివారో తెలియదు. ఇంటర్నెట్‌లో అలా కాదు. పాఠకుడెవరో, నిన్న ఏమి వెతికాడో, ఏ ఊళ్ళో ఉంటాడో తెలుసుకొని, అతనికి తగిన ప్రకటనను ఆ క్షణంలోనే ఎంపిక చేస్తారు. అమ్ముడుపోయేది కాగితం మీది ఖాళీ జాగా కాదు. మన గురించిన ఎరుక. ఈ ఎరుక ఎలా పోగవుతుంది, ఎవరి చేతులు మారుతుంది, దానివల్ల మనకు కలిగే నష్టమేమిటి అన్న విషయాలను సాంకేతిక పరిజ్ఞానం లేనివారికి కూడా బోధపడేలా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మతిమరుపు యంత్రానికి ఒక చీటీ

మన కంప్యూటరులో పుటలను చూపే బ్రౌజరుకు, ఆ పుటలను దాచి ఉంచే సర్వరు అనే దూరపు యంత్రానికి మధ్య సంభాషణ హెచ్.టి.టి.పి. అనే ఒక కట్టుబాటు ప్రకారం జరుగుతుంది. ఈ కట్టుబాటుకు పుట్టుకతోనే మతిమరుపు ఉన్నది. బ్రౌజరు ఒక పుట అడుగుతుంది, సర్వరు ఇస్తుంది, అంతటితో సంబంధం తెగిపోతుంది. మరుక్షణంలో రెండవ పుట అడిగితే, అడిగినవాడు ఇందాకటివాడేనని సర్వరుకు తెలియదు. చదువుకోవడానికి ఇది చాలు గాని, వ్యాపారానికి చాలదు. ఒక పుటలో చీర, మరొక పుటలో పంచె ఎంచుకొని డబ్బు కట్టబోతే, ఆ రెండూ ఎంచుకున్నది ఒకరేనని దుకాణానికి గుర్తుండాలి కదా!

ఈ చిక్కుకు 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ అనే ఇంజనీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. సర్వరు మొదటిసారి పుటను పంపేటప్పుడు దానితోపాటు ఒక చిన్న చీటీని కూడా పంపుతుంది. బ్రౌజరు దానిని దాచుకొని, మళ్ళీ అదే సర్వరు దగ్గరకు వెళ్ళినపుడు చూపిస్తుంది. ఈ చీటీకి ఆయన పెట్టిన పేరు 'కుకీ'. యూనిక్స్ ప్రోగ్రాములు రాసేవారు ఒక ప్రోగ్రాము నుండి మరొక ప్రోగ్రాముకు అందించే చిన్న గుర్తును 'మ్యాజిక్ కుకీ' అనేవారు. ఆ మాటే ఇక్కడికి వచ్చింది.

తిరుమలలో దర్శనానికి వెళ్ళేముందు సామాను అప్పగించి టోకెను తీసుకోవడం మనకు తెలిసినదే. టోకెను మీద ఒక అంకె తప్ప మరేమీ ఉండదు. ఆ అంకెను చూసి మన పేరూ ఊరూ చెప్పడం ఎవరి తరమూ కాదు. కాని అది ఇచ్చిన కౌంటరువారి చేతిలో పెడితే, వారి పద్దులో ఆ అంకెకు ఎదురుగా ఉన్న సామానంతా బయటికి వస్తుంది. కుకీ కూడా అంతే. అందులో ఉండేది సాధారణంగా ఒక పొడవాటి అంకె మాత్రమే. సమాచారమంతా సర్వరు దగ్గరి పద్దు పుస్తకంలో ఉంటుంది.

ప్రతి బ్రౌజరుకూ మారని సంఖ్య ఒకటి కేటాయిస్తే ఈ పని ఇంకా సులువుగా జరిగేది. అలా చేస్తే ఎక్కడికి వెళ్ళినా అదే సంఖ్య కనబడి, మనిషి జాడ తీయడం సులభమవుతుందని మాంటుల్లీ ఆ పద్ధతిని కావాలనే తోసిపుచ్చాడు. ఏ దుకాణం ఇచ్చిన చీటీని ఆ దుకాణానికే చూపాలన్నది ఆయన పెట్టిన నియమం. నియమం మంచిదే. కాని అందులో ఒక సందు మిగిలిపోయింది.

మూడవ మనిషి ప్రవేశం

ఒక వెబ్ పుట ఒకే చోటి నుండి రానవసరం లేదు. వార్త ఒక సర్వరు నుండి, పక్కన ఉన్న బొమ్మ మరొక సర్వరు నుండి, కంటికి కనబడని చిన్న ప్రోగ్రాము ఇంకొక సర్వరు నుండి రావచ్చు. వీటిలో ప్రతి సర్వరుకూ తన చీటీని ఇచ్చే హక్కు ఉన్నది. మనం తలుపు తట్టింది ఒక్కరి ఇంటినే అయినా, ఆ ఇంటి వసారాలో కూర్చున్న నలుగురూ మన చేతిలో తలొక టోకెను పెడతారన్నమాట.

1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో తొలి ప్రకటన పట్టీలు కనిపించాయి. ఆ వెనుకనే, వేలాది వెబ్ సైట్లకు ప్రకటనలు సరఫరా చేసే డబుల్‌క్లిక్ వంటి సంస్థలు పుట్టుకొచ్చాయి. వంట పుటలోని ప్రకటన బొమ్మా, వైద్య పుటలోని ప్రకటన బొమ్మా ఒకే డబుల్‌క్లిక్ సర్వరు నుండి వచ్చినపుడు బ్రౌజరు ఏమి చేస్తుంది? నియమం ప్రకారం డబుల్‌క్లిక్ చీటీని డబుల్‌క్లిక్‌కే చూపుతుంది. నియమభంగం ఏమాత్రం జరగలేదు. అయినా ఉదయం ఆవకాయ గురించీ, మధ్యాహ్నం మధుమేహం గురించీ చదివినది ఒకే మనిషి అని ఆ సంస్థ పద్దులోకి ఎక్కిపోయింది.

ఈ ప్రమాదాన్ని ముందుగా ఎవరూ పసిగట్టలేదనడం సరికాదు. ఇంటర్నెట్ ప్రమాణాలను నిర్ణయించే ఐ.ఇ.టి.ఎఫ్. సంఘం 1997 ఫిబ్రవరిలో వెలువరించిన పత్రం, మూడవ పక్షం చీటీలను వాడకందారు కోరితే తప్ప అనుమతించరాదని స్పష్టంగా సూచించింది. ఆనాటి బ్రౌజరు సంస్థలు దానిని అమలు చేయలేదు. అప్పటికే ప్రకటనల వ్యాపారం ఈ చీటీలమీద నిలబడి ఉన్నది.

తరువాతి ఘట్టం 1999లో జరిగింది. కోట్లాది అమెరికన్ కుటుంబాల పోస్టల్ కొనుగోళ్ళ వివరాలను పేర్లతో, చిరునామాలతో సహా భద్రపరచిన అబాకస్ డైరెక్ట్ అనే సంస్థను డబుల్‌క్లిక్ తనలో కలుపుకొన్నది. పేరులేని చీటీల పద్దును, పేర్లున్న చిరునామాల పద్దుతో జతపరచాలన్నది ఆలోచన. దేశమంతటా నిరసన చెలరేగింది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ ప్రారంభించింది. 2000 మార్చిలో డబుల్‌క్లిక్ వెనుకకు తగ్గింది. 2008లో గూగుల్ ఆ సంస్థను 310 కోట్ల డాలర్లకు సొంతం చేసుకొన్నది. వాడకందారు ప్రత్యేకంగా అంగీకరిస్తే తప్ప డబుల్‌క్లిక్ చీటీ సమాచారాన్ని వ్యక్తిగత వివరాలతో కలపబోమన్న హామీ చాలాకాలం గూగుల్ గోప్యతా విధానంలో ఉండేది. 2016లో ఆ వాక్యాన్ని తొలగించారు. 2000లో దేశాన్ని కుదిపిన సంగతి పదహారేళ్ళ తరువాత ఒక వాక్యం సవరణతో, పెద్దగా చప్పుడు లేకుండా జరిగిపోయింది.

రెప్పపాటులో వేలంపాట

ఇంతకూ ఈ పద్దు డబ్బుగా ఎలా మారుతుంది? మనం ఒక పుటను తెరవగానే, అది పూర్తిగా కనబడేలోపు, సుమారు సెకనులో పదవ వంతు కాలంలో ఒక వేలంపాట నడుస్తుంది. ఇటువంటి పాటలు 2010 ప్రాంతం నుండి బాగా వాడుకలోకి వచ్చాయి. సరకు ఏమిటంటే, మన కంటికి ఒక ప్రకటన చూపే అవకాశం. పాట పెట్టేవారు పాటదారులకు ఒక చిన్న వర్ణన పంపుతారు: చదువుతున్న పుట ఏది, యంత్రం ఏ రకం, ఊరు ఏది, చీటీ సంఖ్య ఎంత, ఆ సంఖ్యగలవారి ఆసక్తులు ఏమిటి. పాటదారుల కంప్యూటర్లు ఆ సంఖ్యను తమ పద్దులతో సరిచూసుకొని ధర చెబుతాయి. ఎక్కువ ధర పలికినవారి ప్రకటన మనకు కనబడుతుంది.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. వేలంలో గెలిచేది ఒక్కరే అయినా, ఆ వర్ణన చేరేది పాటలో పాల్గొన్న అందరికీ. సంతలో ఎద్దును కొనేవాడు ఒక్కడే కావచ్చు, దాని పళ్ళు లెక్కపెట్టినవారు ఎందరో ఉంటారు. ఓడిపోయినవారు తమకు తెలిసిన సంగతిని మరిచిపోతారన్న నమ్మకం ఏమీ లేదు. వీరితోపాటు సమాచార దళారులు అనే మరొక వర్గం ఉన్నది. దుకాణాల కొనుగోళ్ళు, ఇళ్ళ రిజిస్ట్రేషన్లు, సెల్‌ఫోను యాప్‌ల నుండి వచ్చే స్థల వివరాలు సేకరించి, కలిపి, అమ్మడమే వీరి వృత్తి.

పేరు లేకపోతే పోల్చుకోలేరా?

'మేము పేర్లు సేకరించడం లేదు, సంఖ్యలే' అని ఈ సంస్థలు తరచు చెప్పే సమాధానం. ఈ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

పిల్లలు ఆడే ఒక ఆట ఉన్నది. ఒకరు మనసులో ఒక వస్తువు తలచుకొంటారు. రెండవవారు అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు వేసి దానిని కనిపెట్టాలి. ప్రతి మంచి ప్రశ్నా మిగిలిన గుంపును సగానికి తగ్గిస్తుంది. ఇలాంటి ఒక్కొక్క జవాబునే సమాచార శాస్త్రంలో 'బిట్టు' అంటారు. రెండును 33 సార్లు హెచ్చిస్తే సుమారు 859 కోట్లు వస్తుంది. ఇది ప్రపంచ జనాభాను మించిన సంఖ్య. అంటే, సరైన ప్రశ్నలు 33 వేయగలిగితే భూమిమీద ఉన్న ఏ మనిషినైనా ఒంటరిగా వేరుచేయవచ్చు. పేరుతో పనిలేదు.

ఒక లక్షణం ఎంత అరుదైనదో అది అన్ని ఎక్కువ బిట్టులు బయటపెడుతుంది. మన యంత్రం పుటను అడిగే ప్రతిసారీ మనం కోరుకొన్న భాష ఏదో కూడా సర్వరుకు చెబుతుంది. ఏయే అక్షరాల ఫాంటులు ఉన్నాయో పసిగట్టే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. లక్ష మంది ఉన్న ఒక అమెరికన్ పట్టణంలో, ఫోనును తెలుగు భాషలో అమర్చుకొన్నవారు నూరుగురు అనుకొందాం. ఆ ఒక్క సంగతి వెయ్యింట తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందిని పక్కకు నెట్టి, పది ప్రశ్నల పనిని ఒక్క దెబ్బతో తీరుస్తుంది. హైదరాబాదులో తెలుగు ఫోను గుంపులో కలిసిపోతుంది. ఒహాయోలో అది గుంపు నుండి వేరుగా నిలబడుతుంది. పరదేశంలో చిన్న భాషాసమాజంగా ఉన్నవారికి ఈ ఎరుక మరింత అవసరం.

ఇలాంటి లక్షణాలన్నీ కలిపితే చీటీ అసలు అవసరమే లేదు. దీనిని 'వేలిముద్ర పద్ధతి' అంటారు. ఎలెక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో సుమారు 4,70,000 బ్రౌజర్లను పరీక్షించి, వాటిలో నూటికి 83కి పైగా మరి దేనితోనూ పోలిక లేనివని కనుగొన్నది.

బ్రౌజరు సంగతి పక్కన పెట్టినా ఇదే లెక్క వర్తిస్తుంది. లతాన్యా స్వీనీ అనే కంప్యూటరు శాస్త్రవేత్త 1990 జనాభా లెక్కల ఆధారంగా, పుట్టిన తేదీ, స్త్రీ పురుష భేదం, అయిదంకెల జిప్ కోడు - ఈ మూడింటితో అమెరికా జనాభాలో సుమారు 87 శాతం మందిని విడివిడిగా గుర్తించవచ్చునని లెక్కగట్టారు. 2006లో మరొక పరిశోధకుడు మళ్ళీ లెక్కవేసి అది 63 శాతం అన్నారు. తక్కువ అంకెనే తీసుకొన్నా, ప్రతి అయిదుగురిలో ముగ్గురు దొరికిపోతారు. 1990లలో మాసచూసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆసుపత్రి వివరాలను పేర్లు తీసివేసి పరిశోధకులకు ఇచ్చారు. స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి నగర ఓటర్ల జాబితా కొని, రెండింటినీ పక్కపక్కన పెట్టి, సాక్షాత్తు ఆ రాష్ట్ర గవర్నరు విలియమ్ వెల్డ్ వైద్య వివరాలను వెలికితీశారు.

2006 ఆగస్టులో ఎ.ఓ.ఎల్. సంస్థ సుమారు 6,50,000 మంది మూడు నెలలలో చేసిన రెండు కోట్ల వెతుకులాటలను, పేర్లకు బదులు సంఖ్యలు వేసి, పరిశోధకులకోసం బహిరంగపరచింది. కొద్ది రోజులలోనే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక సంఖ్య వెనుక ఉన్న వృద్ధురాలిని ఇంటి గుమ్మం దాకా వెళ్ళి పలకరించారు. ఆమె ఎక్కడా తన పేరు రాసుకోలేదు. తమ ఊరి గురించి, తమ ఇంటిపేరుగలవారి గురించి, తన ఒంటి బాధల గురించి వెతికింది, అంతే. మనిషి వెతికే మాటలే అతని చిరునామా.

ఇక మన అలవాట్లలోకి వద్దాం. జాతకం చూపించుకోవాలన్నా, ముహూర్తం పెట్టించుకోవాలన్నా, పెళ్ళి సంబంధాల సైటులో చేరాలన్నా మనం మొదట ఇచ్చేవి పుట్టిన తేదీ, సమయం, ఊరు. పురోహితుడికి చెప్పినపుడు ఆ వివరాలు ఆయన పంచాంగంలో ఒక కాగితం ముక్కమీద ఉండిపోయేవి. ఉచిత జాతకాల యాప్‌లో నింపినపుడు అవి ఎన్ని చేతులు మారుతాయో చెప్పడం కష్టం. తేదీ మారేది కాదు, ఊరు మారేది కాదు. పోయిన పాస్‌వర్డును మార్చుకోవచ్చు; పుట్టినరోజును మార్చుకోలేము.

'నాకు దాచవలసినదేమున్నది?'

ఈ ప్రశ్న పెద్దలనోట తరచు వినబడుతుంది. చెప్పుకోలేని పనులు చేసేవారికే గోప్యత అవసరమన్న భావన దీని వెనుక ఉన్నది. కాని ఇక్కడి విషయం రహస్యాలది కాదు. మన గురించి నిర్ణయాలు ఎవరు, ఏ ఆధారంతో చేస్తున్నారన్నది.

రెండు ఉదాహరణలు చాలు. ది మార్కప్ అనే వార్తాసంస్థ 2022లో అమెరికాలోని పేరుపొందిన 100 ఆసుపత్రుల వెబ్ సైట్లను పరీక్షించగా, 33 ఆసుపత్రులలో మెటా సంస్థవారి జాడతీసే ప్రోగ్రాము కనబడింది. వైద్యుడి అపాయింట్‌మెంటు కోసం మీట నొక్కగానే ఆ సంగతి మెటాకు చేరేది. కొన్ని చోట్ల వైద్యుడి పేరూ, వెతికిన జబ్బు పేరూ కూడా వెళ్ళాయి. 2023 ఫిబ్రవరిలో, మందుల రాయితీలు చూపే గుడ్‌ఆర్‌ఎక్స్ సంస్థ వాడకందారుల ఆరోగ్య వివరాలను ప్రకటనల సంస్థలకు చేరవేసినందుకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకొన్నది. ఆ సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకొన్నది. వైద్యుడి గదిలో తలుపు వేసి చెప్పుకొన్నది వేరు, వెబ్ పుటలో నొక్కినది వేరు. అమెరికాలో రోగుల వివరాలను కాపాడే చట్టం ఆసుపత్రులకు వర్తిస్తుంది గాని, ఆరోగ్యం పేరుతో నడిచే యాప్‌లలో చాలావాటికి వర్తించదు.

రెండవది కారు. జనరల్ మోటార్స్ కార్లు ఎంత వేగంగా నడిచాయో, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు వేశారో వంటి వివరాలు సమాచార దళారుల ద్వారా బీమా సంస్థలకు చేరుతున్నాయని 2024 మార్చిలో బయటపడింది. ప్రీమియము ఎందుకు పెరిగిందో తెలియక తికమకపడినవారికి, ఆ పెరుగుదలకు సాక్ష్యం చెప్పినది తమ కారేనని అప్పుడు తెలిసింది. దీనిపై 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య చేపట్టింది. ఇందులో ఎవరూ రహస్యమేదీ దాచుకోలేదు. తమమీద పెట్టిన పద్దును తాము చూసుకొనే అవకాశం మాత్రం పోగొట్టుకొన్నారు. పచారీ కొట్టు శెట్టిగారి ఖాతాలో తప్పు పడితే నిలదీయవచ్చు. కనబడని ఖాతాలో తప్పు పడితే అడిగేది ఎవరిని?

మరొక సంగతి. ఈ విషయంలో ఒకరి సమ్మతి ఒకరితో ఆగదు. 2014 ప్రాంతంలో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌ను సుమారు 2,70,000 మంది వాడారు. ఆనాటి నిబంధనలు వారి స్నేహితుల వివరాలనూ అందనిచ్చాయి. ఫలితంగా 8 కోట్ల 70 లక్షల మంది వరకు వివరాలు కేంబ్రిడ్జి అనలిటికా అనే రాజకీయ సలహా సంస్థకు చేరి ఉండవచ్చునని 2018లో ఫేస్‌బుక్కే ప్రకటించింది. ఆటలాడినది ఒకరు, పద్దుకెక్కినది మూడు వందల మంది! 2019లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థకు 500 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. మనలో ఒకరు తమ ఫోనులోని నంబర్లన్నింటినీ ఏదో ఒక యాప్‌కు అప్పగించినపుడు, పెదనాన్నగారి నంబరునూ, మేనకోడలి నంబరునూ వారి అనుమతి లేకుండానే అప్పగిస్తున్నాము.

చట్టాలు చెప్పేది

భారతదేశంలో గోప్యత హక్కు చరిత్రకు తెలుగువారితో గాఢమైన సంబంధం ఉన్నది. 1962లో ఖరక్ సింగ్ కేసులో, పోలీసులు ఒక వ్యక్తిపై నిఘా ఉంచి, రాత్రివేళ ఇంటికి వచ్చి తనిఖీ చేయవచ్చునా అన్న ప్రశ్న సుప్రీం కోర్టు ముందుకు వచ్చింది. రాత్రి తనిఖీలు చెల్లవన్నప్పటికీ, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాజమండ్రిలో జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు దానితో విభేదించారు. కాళ్ళకు సంకెళ్ళు లేనంతమాత్రాన, అడుగడుగునా కనిపెట్టబడుతున్న మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదనీ, గోప్యత వ్యక్తి స్వాతంత్ర్యంలో అంతర్భాగమనీ ఆయన అభిప్రాయం. అయిదున్నర దశాబ్దాల తరువాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్నారు. సుబ్బారావుగారు మాట్లాడినది పోలీసు నిఘా గురించి. కాని అనుక్షణం తనను చూస్తున్నారని తెలిసిన మనిషి మనసు ముడుచుకొంటుందన్న ఆయన వాదం వ్యాపార నిఘాకు కూడా అన్వయిస్తుంది.

యూరపులో 2018 మే 25 నుండి అమలైన జి.డి.పి.ఆర్. చట్టం, ఉల్లంఘనకు సంస్థ ప్రపంచ వ్యాపారంలో 4 శాతం వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. అమెరికాలో 2025 నాటికి కూడా దేశమంతటికీ వర్తించే సమగ్ర గోప్యతా చట్టం లేదు. రాష్ట్రాల వారీగా ఉన్నాయి. 2020లో అమలులోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం వాటిలో ముందున్నది. నమోదైన సమాచార దళారులందరినీ ఒకే విన్నపంతో తమ వివరాలు తొలగించమని కోరే సౌకర్యం కోసం ఆ రాష్ట్రం 2023లో మరొక చట్టం చేసింది.

పిల్లల విషయంలో రెండు దేశాల తేడా మన కుటుంబాలకు ముఖ్యం. అమెరికాలో 1998నాటి చట్టం తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలోనే. భారతదేశపు 2023 చట్టం, 2025 నవంబరు నియమాలతో దశలవారీగా అమలవుతూ, పద్ధెనిమిదేళ్ళ లోపు వారందరినీ బాలలుగానే పరిగణిస్తుంది. వారి జాడతీసి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది. విజయవాడలోని పదిహేనేళ్ళ అన్నకు ఆ చట్టం ఇవ్వబోయే రక్షణ, డాలస్‌లోని పదిహేనేళ్ళ తమ్ముడికి ఈ సమాఖ్య చట్టంలో లేదు. ఇక్కడ ఆ లోటు పూడ్చవలసినది తల్లిదండ్రులే.

ఇంటిల్లిపాదీ చేయదగినవి

మూడవ పక్షం చీటీలను ఆపడం మొదటి పని. ఫైర్‌ఫాక్స్ 2019 నుండి జాడతీసేవారి చీటీలను తనంత తానే అడ్డుకొంటున్నది. సఫారీ 2020 నుండి మూడవ పక్షం చీటీలన్నింటినీ ఆపుతున్నది. క్రోమ్‌లో వీటిని తొలగిస్తామని 2020లో గూగుల్ ప్రకటించి, 2024లో ఆ ఆలోచన విరమించుకొన్నది. కనుక క్రోమ్ వాడేవారు అమరికలలోకి వెళ్ళి స్వయంగా ఆపుకోవాలి.

రెండవది, సెల్‌ఫోనులోని ప్రకటనల సంఖ్య. ఐఫోనులో 2021 ఏప్రిల్ నుండి ప్రతి యాప్ జాడతీయడానికి అనుమతి అడగవలసి ఉన్నది, నిరాకరించవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో ఆ సంఖ్యను గోప్యతా అమరికల నుండి తుడిచివేయవచ్చు. స్థలం తెలుసుకొనే అనుమతిని 'వాడుతున్నప్పుడు మాత్రమే' అన్నదానికి పరిమితం చేయాలి. టార్చిలైటు యాప్‌కు మన ఊరితో పనిలేదు.

మూడవది, ఇన్‌కాగ్నిటో కిటికీని గురించిన భ్రమ. అది మన చరిత్రను ఇంట్లో అదే కంప్యూటరు వాడే మరొకరికి కనబడకుండా చేస్తుందే తప్ప, వెబ్ సైట్లకు కనబడకుండా చేయదు. ఈ విషయమై వచ్చిన దావా పరిష్కారంలో భాగంగా 2024లో గూగుల్ వందల కోట్ల నమోదులను నాశనం చేయడానికి అంగీకరించింది.

నాలుగవది, పుట్టిన తేదీ విషయంలో పొదుపు. బ్యాంకుకు, ప్రభుత్వానికి నిజమైన తేదీ ఇవ్వక తప్పదు. ఆటలకూ, కూపన్లకూ ఇవ్వవలసిన పని లేదు. పసిబిడ్డ పుట్టిన తేదీ, పూర్తి పేరు, ఆసుపత్రి పేరు కలిపి అందరికీ కనబడేలా ప్రకటించడం ఆనందంలో చేసే పనే; కాని ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్ళు వచ్చేనాటికి అది పద్దెనిమిదేళ్ళ పాత పద్దు అవుతుంది.

ఇవన్నీ చేసినా జాడ పూర్తిగా చెరిగిపోదు. 33 ప్రశ్నలలో కొన్నింటికి జవాబు దొరకకుండా పోతుంది. మొదట చెప్పిన లెక్క ప్రకారం, దాచగలిగిన ఒక్కొక్క బిట్టూ మనతోపాటు గుంపులో నిలబడేవారి సంఖ్యను రెట్టింపు చేస్తుంది. పది బిట్టులు దాస్తే మనం ఒంటరిగా కాక వెయ్యిమందిలో ఒకరం అవుతాము. ఒక శనివారం సాయంత్రం ఇంట్లోని ఫోనులన్నీ ముందు పెట్టుకొని, పిల్లల చేతనే ఈ అమరికలు మార్పించి, ఒక్కొక్క యాప్ ఏ అనుమతి ఎందుకు అడుగుతున్నదో వారినే చెప్పమనండి. ఆ తరువాత ఊళ్ళో ఉన్న అమ్మమ్మగారికి ఫోను చేసి, ఆవిడ ఫోనులోనూ అదే పని చేయించమనండి.